శరదృతువు – కాగితపు పూలు: ప్రాథమిక తరగతుల చేతిపనిలో భాషాబోధన

వ్యాససంగ్రహం

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు శరదృతువు పాఠానికి అనుబంధంగా కాగితపు చేతిపని చేయించడం పరిపాటి. ఆ చేతిపనిలో ఎర్రని మేపుల్ ఆకు శరత్తుకు చిహ్నంగా కనబడుతున్నది. తెలుగు ఋతుసంప్రదాయంలో ఆకురాలడం శిశిర లక్షణం. శరత్తుకు వెన్నెల, రెల్లు, తంగేడు, గునుగు గుర్తులు. ఈ భేదాన్ని వివరించి, శరత్కాలపు పూలను కాగితంతో చేయించే పద్ధతిని, ఆ పనిలో పిల్లలకు సహజంగా అలవడే తెలుగు క్రియాపదాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: శరదృతువు, శిశిరం, చేతిపని, గునుగు, తంగేడు, క్త్వార్థకం, ప్రేరణార్థకం, ప్రాథమిక విద్య.

1. ఉపోద్ఘాతం

రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి గత ఆశ్వయుజ మాసంలో బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. దానిపై ఐదు కొనలున్న పెద్ద ఆకు బొమ్మ, కింద లావుపాటి అక్షరాలతో ‘శరదృతువు’ అన్న మాట. ఎరుపు, నారింజ, పసుపు కాగితాలను ముక్కలుగా చించి ఆ ఆకు నిండా అతికించి తీసుకురావాలన్నది ఇంటిపని. ముక్కలు చించుతూ చించుతూ ఆగి, “ఈ ఆకు మనింటి దగ్గర ఎక్కడుంది నాన్నా?” అని అడిగింది. కిటికీలోంచి చూస్తే వీధిలోని వేపచెట్టు వానలకు కడుక్కొని నిండుపచ్చగా ఉంది. పక్కనున్న ఖాళీ స్థలంలో గునుగు మోకాలెత్తున పూసి ఉంది. పిల్ల చేతిలో ఉన్న శరత్తుకూ కిటికీ బయట ఉన్న శరత్తుకూ పొత్తు లేదు.

పిల్ల అడిగిన ప్రశ్నకు ఆ పూట నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసానికి అదే ప్రేరణ. చేతిపని చిన్న విషయమే కావచ్చు. కాని ఆరేడేళ్ల వయసులో ఒక మాటకు ఏ రూపం ముడిపడితే ఆ రూపమే మనసులో చాలాకాలం నిలుస్తుంది. ‘శరత్తు’ అనగానే ఎర్రని ఆకు తోచే పిల్ల పదేళ్ల తరువాత ప్రాచీన కావ్యంలోని శరద్వర్ణన చదివితే, అందులో ఆకులెందుకు రాలడం లేదని తికమకపడుతుంది. డిగ్రీ తరగతుల్లో ఋతువర్ణనలు బోధించే అధ్యాపకులకు ఈ తికమక కొత్తది కాదు.

2. కాలం ఒకటే, గుర్తులు వేరు

‘ఆటమ్’ అన్న ఆంగ్లపదానికి శరదృతువు అన్న అనువాదం తప్పని తేల్చడం తొందరపాటు. కాలగణన ప్రకారం ఆ అనువాదం చాలావరకు సరైనదే. ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరత్తు. ఇవి సుమారుగా సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా నడుస్తాయి. ఉత్తర అమెరికాలో ఆకులు రంగుమారే కాలమూ దాదాపు అదే. కాని అనువాదంలో కాలంతో పాటు కాలచిహ్నం కూడా దిగుమతి అయింది. చిక్కు అక్కడే ఉంది. అమెరికా వ్యవహారంలో ఈ ఋతువుకు ‘ఫాల్’ అని పేరు. ఆ పేరే ఆకు రాలడం నుంచి వచ్చింది. అక్కడి భాషకు అది సహజం. మన భాషలో ‘ఆకురాలు కాలం’ అన్న మాట శిశిరానికి పర్యాయంగా స్థిరపడింది. బాలశిక్షల నాటి నుంచి పిల్లలు వల్లించే ఋతులక్షణాలలో శరత్తుకు వెన్నెల, హేమంతానికి మంచు, శిశిరానికి ఆకురాలడం చెప్పడం ఆనవాయితీ. ఒకే పుస్తకంలో ఈ పాఠమూ, పక్కపేజీలో రాలుతున్న ఎర్రాకులతో శరత్తు బొమ్మా ఉంటే పిల్లలు దేన్ని నమ్మాలి?

ప్రకృతిశాస్త్ర రీత్యా చూసినా ఈ భేదానికి ఆధారం ఉంది. సమశీతోష్ణ మండలంలో పగటి నిడివి తగ్గి చలి మొదలైనప్పుడు ఆకులోని పత్రహరితం విచ్ఛిన్నమవుతుంది. అంతవరకు దాని మాటున ఉన్న పసుపు, నారింజ వర్ణద్రవ్యాలు బయటపడతాయి. మేపుల్ వంటి చెట్లలో ఎరుపు వర్ణద్రవ్యం అప్పుడే కొత్తగా తయారవుతుంది. మన దక్కను అడవుల్లో టేకు, మోదుగ వంటి చెట్లు ఆకు రాల్చడానికి ప్రధాన కారణం చలికాదు, నేలలో తేమ తగ్గడం. అందుకే మన ఆకురాలుకాలం వానలు వెనుదిరిగిన చాలా రోజులకు, మాఘ ఫాల్గుణాలలో వస్తుంది. ఆకులన్నీ రాల్చిన మోదుగ నిప్పురంగు పూలతో నిలబడేది అప్పుడే. ఆశ్వయుజంలో మన నేల ఇంకా తడిగా, పచ్చగా ఉంటుంది.

సాహిత్యం కూడా దీనికే సాక్ష్యం. కాళిదాసు ఋతుసంహారంలోని శరద్వర్ణన కాశపుష్పాలతో, అంటే మన రెల్లుపూలతో, మొదలవుతుంది. ఆంధ్రమహాభారతం అరణ్యపర్వం చతుర్థాశ్వాసంలోని శరద్రాత్రి పద్యం నన్నయ రచనలో చివరిదిగా ప్రసిద్ధం. అందులో ఉన్నవి నక్షత్రాలు, కలువల పరిమళం, ఆకాశమంతా నిండిన వెన్నెల. రాలిన ఆకు ఒక్కటీ లేదు. వైదిక భాషలో ‘శరత్’ శబ్దానికి సంవత్సరం అన్న అర్థం కూడా ఉంది. ఏడాదిని లెక్కపెట్టుకోవడానికి ఎన్నుకొన్న ఋతువును ముగింపునకు, క్షయానికి గుర్తుగా ఎవరూ భావించి ఉండరు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. న్యూజెర్సీలో పెరుగుతున్న తెలుగు పిల్లకు ఎర్రని ఆకు కళ్లెదుటి సత్యం. అక్కడి తెలుగువారు బతుకమ్మ పేర్చుకొన్న కొన్నాళ్లకే వీధుల్లో మేపుల్ చెట్లు ఎర్రబడతాయి. ఆ పిల్ల కాగితంతో ఎర్రాకు చేయడంలో అనౌచిత్యం ఏమీ లేదు. ఆమెకు శరత్తు రెండు గుర్తులతో రావచ్చు. నా అభ్యంతరమల్లా వరంగల్లులోనో రాజమహేంద్రవరంలోనో ఉన్న పిల్లకు ఉన్న గుర్తును తీసేసి లేని గుర్తును ఇవ్వడం మీదనే.

3. ఏ పూలు చేయించాలి?

తెలంగాణలో ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంది. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలుకొని ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు పిల్లల చుట్టూ పూల పేర్లే వినబడతాయి. గునుగు, తంగేడు, కట్ల, బంతి, చామంతి, పట్టుకుచ్చు, గుమ్మడి. వీటిలో గునుగు, తంగేడు చేతిపనికి ముఖ్యమైనవని నా అభిప్రాయం. బంతిని, చామంతిని పిల్లలు ఏడాది పొడవునా ఏదో ఒక శుభకార్యంలో చూస్తూనే ఉంటారు. గునుగు అలా కాదు. అది ఎవరూ విత్తని మొక్క. చేలగట్ల మీద, బీళ్లలో వానాకాలం చివర దానంతటదే పూస్తుంది. రైతుకు కలుపు, పండుగకు పువ్వు. గురుగు అన్న రూపాంతరం కూడా వ్యవహారంలో ఉంది. కోడిజుట్టు పువ్వు దీనికి దగ్గరి బంధువు. తంగేడు తెలంగాణ రాష్ట్రపుష్పం. మెట్టభూముల్లో పెరిగే ఈ పొద బెరడును తోళ్లు పదును చేయడానికి తరతరాలుగా వాడారు. నగరంలోని పిల్లకు ఈ రెండూ అంగట్లో కట్టలుగా, కుప్పలుగా పరిచయమవుతాయే తప్ప, నేలమీద నిలబడిన మొక్కలుగా కాదు.

కోస్తా జిల్లాల్లో గోదావరి, కృష్ణ ఒడ్డున ఉన్న బడులకు రెల్లుపువ్వు తగినది. కార్తీక మాసంలో ఆలయాల ధ్వజస్తంభాల వద్ద ఎత్తే ఆకాశదీపాన్ని కూడా రంగు కాగితంతో సులువుగా చేయించవచ్చు. నిలువుగా గాట్లు పెట్టిన కాగితాన్ని గొట్టంలా చుట్టి, రెండు అంచులనూ కొద్దిగా దగ్గరకు నొక్కితే నడుమ ఉబ్బి దీపపు బుడ్డిలా కనబడుతుంది.

బతుకమ్మ పండుగ కాబట్టి తరగతిలోని అన్ని మతాల పిల్లల చేత దాన్ని చేయించవచ్చునా అన్న సందేహం కొందరు ఉపాధ్యాయులకు ఉంటుంది. సందేహం సమంజసమే. పేర్చే రూపానికి ఏ పేరు పెట్టాలన్నది ఆ తరగతికి వదిలివేయవచ్చు. పూలబుట్ట అన్నా సరే. గునుగు మాత్రం ఎవరికైనా గునుగే.

4. కాగితం పని

మొదటి నియమం: నిజమైన పువ్వు ముందు బల్లమీదకు రావాలి, కాగితం ఆ తరువాత. బొమ్మను చూసి బొమ్మ చేయడంలో పిల్ల చూపుకు పని ఉండదు.

గునుగుకంకి కింద నుంచి పైకి విచ్చుతుంది. అందువల్ల ముదిరిన కిందిభాగం వెండిలా తెల్లగా, లేతగా ఉన్న కొస గులాబిఛాయతో ఉంటుంది. దీన్ని చేయడానికి సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తెల్లని పలుచటి కాగితపు పట్టీ కావాలి. ఒక నిలువు అంచు వెంట దగ్గరదగ్గరగా 4 సెంటీమీటర్ల లోతున గాట్లు పెట్టాలి. మిగిలిన 2 సెంటీమీటర్ల పట్టీకి బంక రాసి చీపురుపుల్ల చుట్టూ చుట్టాలి. ప్రతి చుట్టూ ముందరిదానికన్నా కొంచెం కిందికి దిగాలి. అప్పుడే కుచ్చు కంకిగా మారుతుంది. దిగకుండా ఒకేచోట చుట్టిన పిల్లలకు గునుగు బదులు కుంచె వస్తుంది. ఇది పొరపాటు అనుకోనక్కరలేదు. కొంచెం పొడవుగా గాట్లు పెట్టి, తక్కువ చుట్లు చుట్టి, వేళ్లతో విదిలిస్తే అదే రెల్లుపువ్వు. చివరగా కొసను గులాబిరంగు నీళ్లలో ముంచి తీయాలి. బతుకమ్మ పేర్చేవారు నిజమైన గునుగును రంగుల్లో ముంచడం పిల్లలు ఇంట్లో చూసే ఉంటారు.

తంగేడు దగ్గర చక్కని చిక్కు ఒకటి ఎదురవుతుంది. కాగితాన్ని సగానికి సగం మడుచుకుంటూ పోయి కత్తిరిస్తే రెండు, నాలుగు, ఎనిమిది రేకులు వస్తాయి. తంగేడుకు ఉన్నవి ఐదు. ఎన్నిసార్లు సగానికి మడిచినా ఐదు రాదు. 1893లో మద్రాసులో ప్రచురితమైన టి. సుందరరావు ఆంగ్లగ్రంథం కాగితపు మడతలతోనే రేఖాగణితాన్ని నిరూపించింది. అందులో పంచభుజికి ప్రత్యేక ప్రకరణమే ఉంది. ఫ్రోబెల్ కిండర్‌గార్టెన్ సామగ్రిలోని కాగితపు మడతలే ఆయనకు ప్రేరణ. ఆరేళ్ల పిల్లకు ఆ పంచభుజి అక్కరలేదు. ఐదు రేకులు విడివిడిగా చించి, అంచులు వేళ్లతో నలిపి, నడుమ ఒకచోట అతికిస్తే చాలు. తంగేడు రేకుల అంచులు నిజంగానే నలిగినట్లుంటాయి కనుక ఇక్కడ పిల్లల చేతి మోటుదనం కలిసివస్తుంది. పూవు నడుమ నుంచి వంగి బయటికి వచ్చే కేసరాలకు పసుపు దారపు ముక్కలు సరిపోతాయి.

కత్తెర గురించి ఒక మాట. ఒకటో తరగతి పిల్లలకు మొండికొస కత్తెర ఇచ్చినా చాలామందికి వేళ్లు తిరగవు. వార్తాపత్రికను చించడంతో మొదలుపెట్టడం మేలు. దాన్ని నిలువుగా చించితే తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చించితే వంకర పోతుంది. యంత్రంపై కాగితం తయారయ్యేటప్పుడు అందులోని పోగులు ఎక్కువగా ఒకే దిశలో పడుకోవడమే దీనికి కారణం. ఈ సంగతి ముందుగా చెప్పకుండా పిల్లల చేతికి పత్రిక ఇచ్చి చూడండి. నాలుగు కాగితాలు పాడయ్యేసరికి వాళ్లే కనిపెడతారు.

పూలన్నీ సిద్ధమయ్యాక అట్టతో చేసిన మూడు చుట్లను పెద్దది కింద, చిన్నది పైన వచ్చేలా పేర్చి, వరుసకొక పువ్వు చొప్పున గుచ్చాలి. ఇందులో విశేషంగా వివరించవలసింది లేదు.

5. చేతిలోని క్రియాపదాలు

తెలుగు అధ్యాపకునిగా నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఈ భాగం. ప్రాథమిక వాచకాలలో నామవాచకాలకు బొమ్మలుంటాయి. ఆవు, ఇల్లు, ఈగ బొమ్మలో చూపవచ్చు. క్రియకు బొమ్మ వేయడం కష్టం. ‘మడుచు’, ‘ముడుచు’ అన్న రెంటికీ భేదం ఏ బొమ్మ చూపుతుంది? కాగితాన్ని మడుస్తాం. పిడికిలి ముడుస్తాం. చేతిలో కాగితం ఉన్న పిల్లకు ఈ భేదం వివరణ లేకుండానే తెలుస్తుంది. అలాగే చించు, చీల్చు. కాగితాన్ని, గుడ్డను చించుతాం. తాటాకును, వెదురును చీలుస్తాం. చీల్చడంలో వస్తువు తన పోగు వెంట తానే దారి ఇస్తుంది. వార్తాపత్రికను నిలువుగా చించిన పిల్ల చేతికి ఆ దారి కొంత తగిలి ఉంటుంది. తుంచు, గిల్లు, నలుపు, చుట్టు, దోపు, గుచ్చు, పేర్చు – ఒక్క పూట పనిలో ఇన్ని క్రియలు అవసరమవుతాయి. ఉపాధ్యాయుడు వీటన్నిటికీ కలిపి ‘కట్ చెయ్యి’, ‘పేస్ట్ చెయ్యి’ అని రెండే మాటలతో సరిపెడితే పని పూర్తవుతుంది గాని ఈ క్రియలు పిల్లల నోటికి చేరవు.

వాక్యనిర్మాణం సంగతి ఇంకా ఆసక్తికరం. చేసిన పనిని చెప్పమంటే పిల్లలు సహజంగా “కాగితం మడిచి, గాట్లు పెట్టి, బంక రాసి, పుల్లకు చుట్టి, రంగులో ముంచాను” అంటారు. వరుసగా నాలుగు క్త్వార్థకాలు, చివర ఒక సమాపక క్రియ. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) క్రియాపరిచ్ఛేదంలో మనం డిగ్రీ విద్యార్థులకు ఆయాసపడి బోధించే అంశం ఇది. ఏడేళ్ల పిల్ల దాన్ని శ్వాస తిప్పుకోకుండా ప్రయోగిస్తుంది. క్రమం తప్పితే పువ్వు రాదు కాబట్టి వాక్యంలోనూ క్రమం తప్పదు. ఇదే విషయాన్ని “మొదట మడిచాను. తరువాత గాట్లు పెట్టాను. తరువాత బంక రాశాను” అని ముక్కలుగా రాయించడం కొన్ని అభ్యాసపుస్తకాల పద్ధతి. అది ఆంగ్ల అభ్యాసాల నుంచి వచ్చిన అలవాటు కావచ్చునని నా అనుమానం. తెలుగు వాక్యానికి ఆ నడక సహజం కాదు.

సకర్మక, అకర్మక భేదం కూడా ఈ పనిలోనే బయటపడుతుంది. మా అపార్టుమెంటు మెట్ల మీద ఐదారుగురు పిల్లలను కూర్చోబెట్టి ఈ పూలు చేయించిన రోజున ఒక సంగతి గమనించాను. పని సరిగా వచ్చినప్పుడు “నేను చించాను”, “నేను అతికించాను” అన్నారు. చెడినప్పుడు మాత్రం “చిరిగింది”, “ఊడిపోయింది”. ఒక్కరూ “నేను చింపేశాను” అనలేదు! చించు – చిరుగు, విరుచు – విరుగు వంటి జంటలు భాషలో ఎందుకున్నాయో పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక ప్రేరణార్థకం. ఇంటిపనిగా ఇచ్చిన చేతిపనులు చాలావరకు తల్లిదండ్రుల చేతిలోనే పూర్తవుతాయన్నది బహిరంగ రహస్యం. మరుసటి రోజు తరగతిలో ప్రతి పిల్ల చేతా తన పువ్వు గురించి ఒక వాక్యం చెప్పిస్తే అసలు విషయం వ్యాకరణంలో దొరుకుతుంది. “చుట్టాను” అన్న పిల్ల తానే చేసింది. “చుట్టించాను” అన్న పిల్లకు ప్రేరణార్థకం వచ్చు, పువ్వు చేయడం రాదు. ఈ కారణంగా ఈ చేతిపనిని ఇంటికి పంపకుండా తరగతిలోనే చేయించాలని నా సూచన. రెండు పీరియడ్లు పడుతుంది. బడి నిర్వాహకులకు అది ఎక్కువనిపించవచ్చు.

6. విధానపత్రాలు, ఆచరణ

చేతిపనిని చదువుకు అలంకారంగా గాక మాధ్యమంగా చూడడం మన దేశంలో కొత్త ఆలోచన కాదు. 1937 నాటి వార్ధా విద్యాసమ్మేళనంలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం ఆ పునాది మీదనే నిలిచింది. జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును, అంటే పూర్వప్రాథమిక దశతో పాటు ఒకటి, రెండు తరగతులను, పునాది దశగా పేర్కొని, ఆటకు, కృత్యానికి, వీలైన చోటల్లా మాతృభాషకు ప్రాధాన్యమిచ్చింది. విధానంలో చోటుంది. ‘శరదృతువు’ అన్న మాట కింద ఏ బొమ్మ వేయాలో ఢిల్లీ విధానపత్రం చెప్పదు, చెప్పకూడదు కూడా. అది మండలంలోని ఉపాధ్యాయుడు నిర్ణయించవలసిన విషయం. ఆ నిర్ణయానికి కావలసిన సామగ్రి, అంటే ఏ ఊళ్లో ఏ పువ్వును ఏమంటారు, అది ఏ నెలలో పూస్తుంది, దేనికి వాడతారు అన్న వివరాలు, తెలుగుశాఖల పరిశోధకుల చేతిలో ఉన్నాయి. వృత్తిపదకోశాల కోసం, మాండలిక అధ్యయనాల కోసం మనం సేకరించిన పదజాలంలో గణనీయమైన భాగం సిద్ధాంత గ్రంథాల అనుబంధాలలోనే ఉండిపోయింది. ఒక జిల్లాకు పన్నెండు నెలల పూల పట్టిక తయారుచేయడం ఎం.ఏ. స్థాయి ప్రాజెక్టుకు సరిపోయే పని. నేను ఈ ఏడాది మా విద్యార్థులకు దాన్ని అప్పగించాను. ఆశ్వయుజం గడి ముందుగా నిండింది. జ్యేష్ఠం గడి ఇంకా ఖాళీగా ఉంది.

మా అమ్మాయి ఆ ఎర్రాకును కూడా పూర్తిచేసి బడిలో ఇచ్చింది, మార్కులు ఉన్నాయి కనుక. కాగితపు తంగేడు మాత్రం ఇంట్లో కిటికీ దగ్గర ఉంది. దానికి ఆరు రేకులున్నాయి. నిజం పువ్వును పక్కన పెట్టి లెక్కపెట్టమంటే, రెండుసార్లు లెక్కపెట్టి, “దీనికి ఒకటి ఎక్కువ పూసింది” అన్నది.